నీలంమూత డబ్బా

చోడవరంలో బస్సు దిగి, రావికమతం వెళ్ళే ఆటోలు నిలబడే చోటు దాటి, మెడికల్ షాపు పక్క సందులోకి తిరగ్గానే ఒక గుమ్మానికి మందపాటి మెరూన్ రంగు పరదా కనిపిస్తుంది. మండు వేసవిలో గానీ, చెరుకు ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరే చలికాలంలో గానీ ఆ పరదా పక్కకి తీసి ఉండగా చూసినవాళ్ళు లేరు. దానిపైన 'గౌతమి లేడీస్ బ్యూటీ పార్లర్' అని బోర్డు. బోర్డు మీద ఏ దేశపు అమ్మాయో నవ్వుతూ ఉంటుంది. ఎండకి ఆ అమ్మాయి కళ్ళు వెలిసిపోయాయి గానీ పెదాలు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి, పాపం.

లోపల పట్టపగలు కూడా ట్యూబ్‌లైటే. ఒక తిరిగే కుర్చీ, ఒక పెద్ద అద్దం, ఒక ఫ్యాను, గోడకి కొట్టిన చెక్క అర. ఆ అర నిండా నీలంరంగు మూతలున్న చిన్న చిన్న డబ్బాలు. వీటన్నిటి మధ్యా గౌతమి. నలభైకి దగ్గరపడ్డ మనిషి అంటే ఎవరూ నమ్మరు. మొహం మీగడ తరకలా ఉంటుంది. చెవుల కిందకి వచ్చేసరికి మాత్రం, అక్కడేదో గట్టు వేసినట్టు, రంగు మారిపోతుంది. ఆ గట్టు ఎవరి కంటా పడకుండా ఆమె కొంగుని మెడ చుట్టూ తిప్పుకుంటూ ఉంటుంది. ఫ్యాను ఎంత జోరుగా తిరుగుతున్నా ఆ కొంగు జారదు. అదీ ఒక విద్యే.

ఆమె రోజు మొదలయ్యేది పార్లరు వెనకే ఉన్న ఇంట్లో, బాత్రూములో గడియ వేసుకుని. ముందు ఫేస్‌వాష్. తర్వాత దూదితో అద్దుకునే టోనర్. అది ఆరాక రెండు చుక్కల సీరం, నారింజ రంగుది, ఫోనులో ఆర్డరు పెడితే వస్తుంది. దానిపైన నీలంమూత డబ్బాలోంచి వేలికొసతో తీసిన క్రీము. క్రీము మీద సన్‌స్క్రీన్. సన్‌స్క్రీన్ మీద పౌడరు. ఇల్లు కట్టినట్టు ఒక్కో అంతస్తే లేపుకుంటూ వచ్చి, ఆఖరి అంతస్తు పూర్తయ్యేదాకా గడియ తియ్యదు.

బయట ఆమె మొగుడు శివాజీ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు మీద వేళ్ళతో డప్పు కొడుతూ ఉంటాడు. అతనిది షేరింగు ఆటో.

"ఒసే, రావికమతం జనం ఆటోలో కూకుని నన్ను తిడతన్నారే. తలుపు తీ."

"పెరట్లో కుళాయి ఉంది కదా. ఎల్లు."

"పెరట్లో తానం సేస్తే పక్కింటోళ్ళు సూడరేటి?"

"సూడనీ. నీకేటి దిష్టి తగలదులే."

నవ్వుకుంటూ పెరట్లోకి పోయేవాడు. ఇద్దరికీ అదొక సరదా. కానీ ఆ సరదాలో ఒక సంగతి మరుగున పడిపోయింది. పెళ్ళాం ఉత్త మొహాన్ని చూసి ఎన్నేళ్ళయిందని అడిగితే శివాజీ చెప్పలేడు. చూడలేదన్న ఊహే అతనికి రాలేదు.

అసలు ఈ డబ్బా కథ గౌతమి తల్లి అప్పలనరసమ్మ చేతుల్లోంచి వచ్చింది. బుచ్చయ్యపేట చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా నలుగుపిండి అప్పలనరసమ్మ కలపవలసిందే. పెసరపిండి, శనగపిండి, కస్తూరి పసుపు, బావంచాలు, ఎండబెట్టి దంచిన నారింజ తొక్క, కాస్త మీగడ. ఇత్తడి పళ్ళెంలో అన్నీ వేసి, అరచేతి మడమతో గుండ్రంగా తిప్పుతూ ఉంటే అదేదో పూజలాగే ఉండేది. పక్కన కూర్చున్న చిన్న గౌతమితో అనేది: "ఇందులో ఏ ఒక్కటీ గొప్పది కాదే. అన్నీ కలిస్తేనే మొగం మాట ఇంటాది."

ఆ మాట గౌతమి బుర్రలో అలాగే ఉండిపోయింది. పార్లరు పెట్టిన కొత్తలో కనుబొమలు తీయించుకోవడానికి వచ్చేవాళ్ళు, ఫోనులో చూసి కొన్న ట్యూబులూ సీసాలూ సగం వాడి తెచ్చి ఇచ్చేసేవారు. "అక్కా, ఇది రాస్తే ఏటీ అవ్వలేదు, నువ్వైనా వాడుకో." ఒకరు కలబంద జెల్లు, ఒకరు తెల్లబడే క్రీము, ఒకరు మచ్చలు పోయే సీరం. పారేయడానికి మనసొప్పక ఒకరోజు అన్నీ స్టీలు గిన్నెలో వేసి, తల్లి తిప్పినట్టే గుండ్రంగా తిప్పింది. విడివిడిగా పనికిరానివి కలిస్తే పనికొస్తాయి కదా, నలుగులాగా.

అప్పటికి అదేమంత గొప్ప క్రీము కాదు. దాన్ని గొప్పదాన్ని చేసింది దేముడమ్మ తెచ్చిన తెల్ల ట్యూబు. దేముడమ్మ వెనక వీధి మనిషి, అరెకరం చెరుకు ఉంది. చెరుకు నరికే రోజుల్లో ఆకు గీరుకుని చేతులు దురద పెడితే ఊళ్ళో అందరూ రాసుకునే మందు ఒకటుంటుంది. మెడికల్ షాపులో చీటీ కూడా అడగరు, తెల్ల ట్యూబు అంటే చాలు. ఆ ఏడు దేముడమ్మకి ఆకు చెంపకి గీరుకుంది. చెంపకీ అదే రాసింది. "సూడే గౌతమీ, దురదా పోనాది, నలుపూ పోనాది" అని చెంప తిప్పి చూపించింది. నిజంగానే ఆ చెంప మెరుస్తోంది.

గౌతమి ఆ సాయంత్రమే గిన్నెలో తెల్ల ట్యూబు పిండింది.

ఇక చూడండి. వారం తిరక్కుండా సందులో మొహాలు మారిపోయాయి. మొటిమలున్నవాళ్ళకి మొటిమలు, మంగున్నవాళ్ళకి మంగు, అన్నీ చేత్తో తీసేసినట్టు పోయాయి. 'గౌతమి క్రీము' అని పేరొచ్చింది. పెళ్ళిళ్ళ సీజనులో గిన్నె చాలక చిన్న డేగిసాలో కలిపేది. ఎవరైనా మధ్యలో మానేస్తే రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చేవారు.

"అక్కా, నీ క్రీము లేకపోతే మొగం ఎర్రగా అయిపోతంది. మంట."

"సూసేవా మరి, దాని పవరు," అని గౌతమి నవ్వి ఇంకో డబ్బా చేతిలో పెట్టేది.

ఆమె నిజంగానే అలా అనుకుంది. అందులో మోసం లేదు. మానేస్తే మొహం ఏడుస్తోందంటే, రాస్తే నవ్వుతోందంటే, అది మంచి మందు కాక మరేమిటి? తన మొహం కూడా అంతే. ఒకసారి ఊరికి వెళ్తూ డబ్బా మరిచిపోతే, బుగ్గలు పొయ్యి దగ్గర పెట్టినట్టు మండాయి. తిరిగొచ్చి రాసుకున్నాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

మెల్లిమెల్లిగా వ్యవహారం ఇంకో దారి పట్టింది. ఒకప్పుడు వేలికొసంత చాలేది, ఇప్పుడు రెండు వేళ్ళ నిండా కావాలి. పొయ్యి ముందు నిలబడితే సెగకి మొహం గుంజుతుంది. అందుకని వంట తల్లి చేతికి వెళ్ళిపోయింది. అప్పలనరసమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. ఎండలోకి వెళ్తే సూదులు గుచ్చినట్టుంటుంది. అందుకని బజారు పని శివాజీకి వెళ్ళిపోయింది. ఒకప్పుడు ఆటోలో మొగుడి పక్కన ఇరుక్కుని కూర్చుని, చెరుకు తోటల మీంచి వచ్చే గాలికి జుట్టు ఎగిరిపోతుంటే బుచ్చయ్యపేట దాకా పాడుకుంటూ వెళ్ళిన మనిషి, ఇప్పుడు గుమ్మానికి పరదా కట్టించుకుంది. తర్వాత కిటికీకి అట్ట కొట్టించింది. గడ్డం కింద సన్నటి వెంట్రుకలు, బుగ్గల మీద ఎర్రటి నరాలు, వాటిని కప్పడానికి పౌడరు. ట్యూబ్‌లైటు వెలుగులో అవేవీ కనబడవు. ఆ ఒక్క గదిలోనే ఆమె అందగత్తె.

ఒకసారి చెవి నొప్పని చెప్పి అనకాపల్లి వెళ్ళింది. వెళ్ళింది చర్మం డాక్టరు దగ్గరికి. డాక్టరమ్మ దూదితో పౌడరు తుడిచి, కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"ఏం వాడుతున్నారమ్మా మొహానికి?"

"ఏటీ లేదండి. సబ్బే."

డాక్టరమ్మ దూది చెత్తబుట్టలో పడేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "సబ్బుతో ఇలా కాదమ్మా. ఏదో దురద మందు, స్టెరాయిడు ఉన్నది, చాలా కాలం నుంచి రాస్తున్నారు. మొహం దానికి అలవాటు పడిపోయింది. మానేస్తే మండుతుంది, రాస్తే చల్లబడుతుంది. చల్లబడింది కదా అని బాగైందనుకుంటారు. ఏం రాస్తున్నారో తెచ్చి చూపిస్తే దాన్ని మాన్పించే దారి చూస్తాను. నెలలు పడుతుంది. మధ్యలో మొహం బాగా పాడవుతుంది, దానికి మాత్రం సిద్ధపడాలి."

గౌతమి తలూపి బయటికొచ్చింది. బస్టాండు దాకా నడుస్తుంటే ఆ మాటలు ఒక్కొక్కటీ వెనకాలే వచ్చాయి. మొహం పాడైన మనిషి పార్లరుకి ఎవరొస్తారు? తను మానేస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే, మరి మా మొహాల సంగతేమిటని అడుగుతారు. సందు సందంతా ఆ డబ్బాలే. మూతలు నీలం, లోపల తెలుపు, చేతులు తనవి.

బస్టాండు మరుగుదొడ్డిలో, పగిలిన అద్దం ముందు నిలబడి, డాక్టరమ్మ తుడిచిన చోట మళ్ళీ క్రీము రాసుకుని చోడవరం బస్సెక్కింది.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. అడిగినవాళ్ళకి డబ్బా ఇస్తూనే ఉంది. ఇచ్చేటప్పుడు వాళ్ళ కళ్ళల్లోకి చూడడం మానేసింది, అంతే.

అప్పుడు ప్రవల్లిక పెళ్ళి కుదిరింది.

ప్రవల్లిక శివాజీ అక్క కనకమహాలక్ష్మి కూతురు. బుచ్చయ్యపేటలో ఇల్లు, అనకాపల్లిలో డిగ్రీ. గౌతమికి ఒక్కడే కొడుకు, వాడు హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఆడపిల్ల లేని లోటంతా ఈ పిల్లతోనే తీరింది. వేసవి సెలవులన్నీ ఇక్కడే, జడలన్నీ గౌతమి వేసినవే. మొదటిసారి కనుబొమలు తీసినప్పుడు ఏడిస్తే ఐసుముక్క పెట్టి ఊదింది కూడా గౌతమే.

తల్లీ కూతురూ పరదా తోసుకుని వచ్చారు. కనకమహాలక్ష్మి తిరిగే కుర్చీలో కూర్చుని అటూ ఇటూ తిరిగింది.

"ఏటే గౌతమీ, సందులో ఎవుల్ని సూసినా నీ క్రీము మొగమే. మా గుంటని సూడు, పరీక్షలకి సదివి సదివి నల్లబడిపోనాది. పెళ్ళి దగ్గర పడిపోనాది. ఓ డబ్బా ఇలా తీ."

"దానికేటి వదినా, సక్కగా ఉంది. ఈ వయసులో క్రీములెందుకు?"

"సక్కగా ఉందో నేదో మగపెళ్ళోళ్ళు సెప్తారు. నువ్వు డబ్బా తీ."

"అయిపోనాయి. మళ్ళీ కలపాలి."

ప్రవల్లిక అర వైపు వేలు చూపించింది. "మరి అవేటి అత్తా?"

"అవి ఆర్డరువి."

కనకమహాలక్ష్మి కుర్చీ తిరగడం ఆగిపోయింది. "ఆర్డరువి. ఊరందరికీ ఆర్డరు, మేనకోడలికి మాత్రం అయిపోనాయి. సరే లే."

మర్నాడు గౌతమి ఒక డబ్బా కలిపింది. కలబంద జెల్లు, ఉత్త చలికాలపు క్రీము, రెండు చుక్కలు గులాబీ నీళ్ళు. తెల్ల ట్యూబు జోలికి పోలేదు. నీలంమూత బిగించి శివాజీ చేత పంపింది. గండం గడిచిందని అనుకుంది. వారం తిరక్కుండా డబ్బా తిరిగొచ్చింది, దాని వెనకాల ఫోనూ వచ్చింది. ఫోను శివాజీకి. స్పీకరు పెట్టకపోయినా వదినగారి గొంతు పెరట్లోకి వినిపించింది.

"ఒరే తమ్ముడూ, నీ పెళ్ళాం నా గుంటకి ఉత్త వెన్న పంపింది రా. సందులో అందరికీ ఇచ్చింది ఒకటి, దీనికి ఇచ్చింది ఒకటి. తనకి ఆడపిల్ల నేదని నా ఆడపిల్ల మీద పడి ఏడుస్తంది."

శివాజీ ఫోను పెట్టేసి గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. "ఓ క్రీము డబ్బా కాడ మా అక్క ముందర నా తల దించీసేవు. అడగనివోళ్ళకి కూడా ఇస్తావు. దానికి ఇవ్వడానికి ఏటయ్యింది నీకు?"

గౌతమి నోరు తెరిచింది. ఏమయ్యిందో చెప్పాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? తెల్ల ట్యూబు దగ్గరినుంచా, చెవి నొప్పి దగ్గరినుంచా? ఒక్క పోగు లాగితే బట్టంతా విడిపోతుంది.

బియ్యం ఏరుతున్న అప్పలనరసమ్మ తల ఎత్తకుండానే అంది: "నలుగు కడిగీడానికే పెడతారే అమ్మా. పెట్టి, నలిచి, కడిగీసి మర్సిపోతారు. నువ్వు పెట్టినది కడక్కుండా ఒగ్గీస్తన్నావు."

"ఏటంటన్నావు?"

"నాకేటి తెల్సు. సేతిపని సూసి అన్నాను." చేట దులుపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. గౌతమి చాలాసేపు గిన్నె వైపు చూస్తూ కూర్చుంది.

కొద్ది రోజుల తర్వాత ప్రవల్లిక ఒక్కర్తే వచ్చింది, కనుబొమలు తీయించుకోవడానికి. అలిగినట్టు లేదు సరికదా, లోలోపల ఏదో సంబరం. గౌతమి దారం పళ్ళ మధ్య పట్టుకుని పిల్ల మొహం మీదికి వంగింది. వంగి ఆగిపోయింది. బుగ్గ మీది నలుపు కనిపించడం లేదు. మీగడ తరకలాంటి ఆ మెరుపు. దాన్ని గౌతమి ఎక్కడున్నా గుర్తుపడుతుంది. చెవి కింద సన్నగా గట్టు పడడం కూడా మొదలైంది.

దారం నోట్లోంచి తీసింది. "ఎక్కడిది?"

"దేముడమ్మ పిన్ని ఇచ్చింది. తన డబ్బాలోంచి సగం." పిల్ల అద్దంలో తనను చూసుకుంటూ నవ్వింది. "నువ్వు ఇవ్వకపోతే దొరకదనుకున్నావా అత్తా?"

"రాయొద్దు. నా మాటిను. మానేస్తే మొగం మండిపోద్ది."

"మానేస్తే కదా. నేను మానను."

ఆ మాట చాలా తేలిగ్గా అంది, అన్నం మాననని అన్నంత తేలిగ్గా.

"మానకుండా జీవితమంతా రాస్తావా?"

"నువ్వు రాస్తన్నావు కదా," అంది ప్రవల్లిక అద్దంలోంచే గౌతమి మొహాన్ని చూస్తూ. "నీకేటైంది? ఎంత బాగున్నావు."

గౌతమి నోరు ఏం చెప్పినా, ఆమె మొహం ఇంకొకటి చెబుతోంది. ఈ పిల్ల ఏ మాటా వినదు, మొహాన్నే చూస్తుంది. మొహాన్ని చూసి నేర్చుకుంటుంది. పరదా, అట్ట కొట్టిన కిటికీ, పొయ్యికి దూరంగా నిలబడడం, గడియ, అన్నీ ఒక్కొక్కటే నేర్చుకుంటుంది. ఎవరి ఇంట్లోనో, ఎవరి బాత్రూములోనో.

మర్నాడు పొద్దున్న గడియ వేసుకుని ఫేస్‌వాష్ పూర్తి చేసింది. నీలంమూత తీసింది. వేలు డబ్బాలో పెట్టింది కూడా. పెట్టిన వేలుని మగ్గులో నీళ్ళతో కడిగేసి, మూత బిగించి బయటికొచ్చింది. ఆ రోజు ఏమీ కాలేదు. ఆ తర్వాత మొదలైంది. ముందు వేడి, తర్వాత ఎరుపు, ఆ పైన వాపు. కళ్ళ కింద నీళ్ళ పొక్కులు. దిండు తగిలితే మంట, ఫ్యాను గాలి తగిలితే మంట, కన్నీళ్ళు జారితే ఇంకా మంట, అందుచేత ఏడవడానికి కూడా లేదు. పరదా దగ్గరికొచ్చిన వాళ్ళకి అప్పలనరసమ్మ "జొరం" అని చెప్పి పంపించేసేది. అర నిండా డబ్బాలున్నాయి. చెయ్యి చాపితే అందుతాయి, రాసుకుంటే సాయంత్రానికి చల్లబడుతుంది. ఆ సంగతి తెలిసి కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం.

శివాజీ బాత్రూము తలుపు కొట్టాడు. ఈసారి డప్పు లేదు. "గౌతమీ. ఏటైందే నీకు?"

గడియ తీసింది.

అతను చూశాడు. చెయ్యి ఎత్తాడు గానీ ఎక్కడ పెట్టాలో తెలియక దించేశాడు. "ఏటే ఇది?"

"ఇదే నా మొగం. ఇన్నాళ్ళూ నువ్వు సూసింది డబ్బాలోది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు తలుపు మీద డప్పు కొట్టడం మొదలెట్టిన కాడ్నుంచీ."

అప్పుడు మొత్తం చెప్పింది. దురద ట్యూబు, చెవి నొప్పి, అనకాపల్లి, ప్రవల్లిక చెంప. శివాజీ కింద కూర్చుని విన్నాడు. చివరికి, "అక్కకి ఫోను సేసి సెప్తాను," అన్నాడు.

"సెప్తే నమ్మదు. ఏడుపు అంటాది. సూడాలి."

నలుగు రోజు పొద్దున్నే ఆటోలో బయలుదేరారు. అప్పలనరసమ్మ ఇత్తడి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. శివాజీ ఆటోకి రెండు వైపులా దుప్పటి కడతానన్నాడు. "ఎన్ని పరదాలు కడతావు," అంది గౌతమి. ఎండ ఇంకా లేతగానే ఉంది, అయినా బుచ్చయ్యపేట దాకా అది ఆమె మొహం మీద కాల్చిన అట్లకాడలా ఆనుతూనే ఉంది. చెరుకు తోటలు అటూ ఇటూ పోతున్నాయి. పాట మాత్రం రాలేదు.

పెళ్ళివారి వాకిట్లో ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. పీట మీద ప్రవల్లిక, తెల్లచీర పసుపు మరకలతో. గౌతమి కొంగు తీసేసి లోపలికి నడిచింది. ఎవరో నవ్వుతున్నవాళ్ళు మధ్యలో ఆగారు.

"ఏటే ఆ మొగం?" అంది కనకమహాలక్ష్మి. "ఏ పురుగు కుట్టినాది?"

"పురుగు కాదు వదినా. నా క్రీము మానేసేను."

చోడవరం నుంచి పెళ్ళిపిలుపుకి వచ్చినవాళ్ళలో ఉన్న దేముడమ్మ చెయ్యి తెలియకుండానే తన చెంప మీదికి వెళ్ళింది. ఆమెదొక్కటే కాదు, ఇంకా మూడు నాలుగు చేతులు అలాగే లేచాయి.

"చెరుకు ఆకుకి దురదొస్తే రాసుకుంటాం కదా, తెల్ల ట్యూబు. అది కలిపేను. తెలీక కలిపేను. తెలిసేక కూడా కలిపేను." గౌతమి గుంపు వైపు తిరిగింది. "మీరు మానితే మీ మొగాలు మండింది అందుకే. మందు గొప్పదని కాదు."

"నీకు సెప్పుకోడానికి నా కూతురు నలుగే దొరికినాదా?" కనకమహాలక్ష్మి మొహం కూడా ఎర్రబడింది. "శుభమా అని పీటేస్తే ఈ మొగమేసుకుని వస్తావా? ఎల్లు, అవతలికి ఎల్లి కూకో."

ప్రవల్లిక పీట మీంచి కదలకుండా చూస్తోంది. "అత్తా, మండుతందా?"

"గాలి తగిల్నా మండుద్ది."

"నాదీ ఇలాగైపోద్దా?"

"నువ్వు మొన్న మొన్నే కదా మొదలెట్టేవు. ఇప్పుడు మానితే ఇంత అవ్వదనుకుంటన్నాను. నాకూ గట్టిగా తెల్దు. డాక్టరు సెప్పాలి. కానీ ఎంత లేటైతే అంత ఇలాగ."

మేనమామ పెళ్ళాం ముందుగా పెళ్ళికూతురి బుగ్గకి నలుగు అద్దాలి, అది వాళ్ళ ఆచారం. కనకమహాలక్ష్మి పళ్ళెం తీసి ఇంకెవరికో ఇచ్చింది. గౌతమి బయటికొచ్చి ఆటో వెనక సీట్లో కూర్చుంది. లోపల పాటలు మళ్ళీ మొదలయ్యాయి, కాస్త నీరసంగా. ఇంటి పక్క సందులోంచి చూస్తే పెరటి కుళాయి కనిపిస్తోంది. కాసేపటికి ప్రవల్లిక నలుగు కడుక్కోవడానికి అక్కడికి వచ్చింది. పిండి పోయింది, పసుపు పోయింది, అయినా పిల్ల కడుక్కుంటూనే ఉంది. చెంపలు రెండు చేతుల్తో రుద్దుతూ, మళ్ళీ నీళ్ళు పట్టుకుంటూ. ఆటో వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

పెళ్ళి జరిగింది. గౌతమి ఫోటోల్లో లేదు. పిల్ల మానేసిందో లేదో ఎవరూ చెప్పలేదు, అడిగే ముఖం ఆమెకి లేదు.

పార్లరు మూతపడింది. సందులో కొందరు డబ్బాలు తెచ్చి పరదా కింద విసిరి వెళ్ళారు. ఇంకొందరు మెల్లగా వచ్చి, "మళ్ళీ కలపొద్దులే, ఉన్నవి ఇచ్చీ" అని బతిమాలారు. వాళ్ళని పంపించడమే ఎక్కువ కష్టమైంది. అరలో ఉన్న డబ్బాలన్నీ గౌతమి పెరటి కుళాయి కింద కడిగేసింది. అన్నీ అంటే, ఒకటి తప్ప. ఆ ఒక్కటీ ఎందుకు ఉంచిందో ఆమెకే సరిగా తెలియదు. అర మీద అలా ఉంది. ఆమె ఎదురుగా కూర్చుని దాన్ని చూస్తూ ఉంటుంది. మొహం ఒకరోజు కాస్త తగ్గినట్టుంటుంది, మర్నాడు మళ్ళీ పొంగుతుంది. బయట ఎండ, లోపల ట్యూబ్‌లైటు. గది మారలేదు. రోజుకి ఒక్కసారైనా చెయ్యి అర దాకా వెళ్ళి తిరిగొస్తుంది.

ఒక మధ్యాహ్నం పరదా కదిలింది. దేముడమ్మ. తల మీంచి ముసుగు. ముసుగు తీస్తే అదే ఎరుపు, అదే వాపు.

"మానేసేనే," అంది. "నీ మాట ఇని మానేసేను. సూడు, ఏటి సేసీసేవో."

గౌతమి కుర్చీ చూపించింది. "కూకో."

దేముడమ్మ కూర్చోలేదు. ఆమె కళ్ళు గది చుట్టూ తిరిగి అర మీద ఆగాయి. "అదొకటి ఉంచేవేటి?"

"ఉంచేను."

"నీకోసమా?"

"ఏమో."

ఇద్దరూ ఆ డబ్బా వైపు చూశారు. ఫ్యాను గాలికి ఇద్దరికీ మొహం మండుతోంది. "ఓ సుక్క రాసుకుంటే," అంది దేముడమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఈ రోజుకి. రేపట్నుంచీ మళ్ళీ మానేద్దాం."

గౌతమి లేచి డబ్బా తీసింది. మూత మీద చెయ్యి వేసింది. తీసుకెళ్ళి దేముడమ్మ చేతుల్లో పెట్టింది, మూత తియ్యకుండానే.

"దీన్ని పట్టుకో. అనకాపల్లి ఎల్దాం. డాక్టరమ్మ ఏటి వాడేరని అడుగుతాది. అప్పుడు సబ్బు అని సెప్పేను. ఈసారి ఇది సూపించాలి."

దేముడమ్మ కింద కూలబడి డబ్బాని రెండు చేతుల మధ్య బిగించి పట్టుకుంది. పరదా అంచు నుంచి తెల్లటి ఎండ ఒక గీతలా నేల మీద పడి ఉంది. ఇద్దరూ కాళ్ళు దాని మీద పడకుండా ముడుచుకుని కూర్చున్నారు.

"ఇప్పుడే ఎల్దామా?"

"ఎండ తగ్గనీ."